నెత్తళ్ళ పొట్లంలో ప్యాడ్లు

మా బడి పిల్లలు చాటుగా నన్ను నెత్తళ్ళ టీచరు అంటారు. ఇన్నేళ్ళుగా సంధులు, సమాసాలు చెప్పాను, పద్యాలు రాగం తీసి పాడాను, వక్తృత్వ పోటీలకి పిల్లల్ని తయారు చేశాను. చివరికి నాకు అంటుకుని మిగిలింది మాత్రం వేలెడంత లేని ఎండుచేప. దీనికి ఎవరినీ అనడానికి లేదు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే.

బడి భోగాపురం దాటాక సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. నేను విజయనగరం నుంచి బస్సులో వచ్చి, జంక్షన్‌లో దిగి షేర్ ఆటో ఎక్కుతాను. ఎయిర్‌పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచి ఆ దారంతా లారీలే. గంజి పెట్టి ఇస్త్రీ చేసి కట్టుకున్న చీర బడి గేటు దగ్గరికి వచ్చేసరికి ఎర్రమట్టి రంగుకి తిరిగిపోతుంది. మా పిల్లల్లో సగం మంది పొలాలున్న ఊళ్ళ నుంచి, మిగతా సగం ఒడ్డున ఉన్న చేపలవాళ్ళ పేట నుంచి వస్తారు. పేటలో మగవాళ్ళు చాలామంది వానాకాలంలోనే గుజరాత్ వెళ్ళి, అక్కడి బోట్లలో పనిచేసి, వేసవికి తిరిగొస్తారు. మధ్యలో ఆ నెలలన్నీ పేటంటే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు, కాకులు.

ఆడపిల్లలకి నెలనెలా ఉచితంగా ప్యాడ్లు ఇవ్వాలని ప్రభుత్వం పథకం పెట్టినప్పుడు, ఆ అట్టపెట్టెలు మా బడికి మధ్యాహ్న భోజనం కోడిగుడ్లతో పాటు ఒకే ఆటోలో దిగాయి. పెట్టెల మీద ఉన్న బొమ్మ చూసి మా హెడ్మాస్టారు భుజం మీది తువ్వాలు తీసి వాటి మీద కప్పారు. తువ్వాలు చాలలేదు. అటెండరు చేత పాత ఫ్లెక్సీ ఒకటి తెప్పించి కప్పించారు. ఆయన లెక్కల మనిషి, బాగా పెద్దమనిషి. ఆ వస్తువు పేరు ఇంతవరకూ ఆయన నోట నేను వినలేదు. "అమ్మా, ఆ పెట్టెల సంగతి మీరు చూసుకోవాలి" అన్నారు, సీలింగ్ ఫ్యాను వైపు చూస్తూ.

ఏదో సన్మానం చేసినట్టు పొంగిపోయాను. మర్నాడే ఆడపిల్లలందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. సిగ్గుపడాల్సిన పని లేదన్నాను. ఇది ప్రకృతి ధర్మం అన్నాను. గొంతెత్తి అడిగి తీసుకునే రోజు రావాలన్నాను. నా గొంతుకి నాకే ఒళ్ళు పులకరించింది. పిల్లలు నేల మీద గీతలు గీసుకుంటూ విన్నారు.

అదే రోజు సాయంత్రం విజయనగరంలో మా వీధి మెడికల్ షాపు ముందు నిలబడ్డాను. కౌంటరు దగ్గర ఇద్దరు మగవాళ్ళున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామని ముందు దగ్గుమందు అడిగాను. వాళ్ళు వెళ్ళారు, మరొకాయన వచ్చాడు. ఇంకేదో పూతమందు అడిగాను. షాపతనికి నా సంగతి ఏళ్ళుగా తెలుసు. ఒక నల్ల కవరు తీసి కింద నుంచి జరిపాడు. మా ఇంట్లో దగ్గు ఎవరికీ లేదు, దగ్గుమందు సీసాలకి మాత్రం ఒక గూడు ఉంది. నేను కోటబొమ్మాళి వైపు వ్యవసాయం ఇంట్లో పుట్టినదాన్ని. ఆ మూడు రోజులూ వసారా చివర చాప, కంచం, చెంబు వేరుగా పెట్టుకుని పెరిగినదాన్ని. ఇప్పటికీ మా అమ్మ వస్తే ఆ రోజుల్లో దేవుడి గది వైపు పోను. గొంతెత్తి అడగమని చెప్పింది నేనే.

సర్కులరులో ఏడో తరగతి నుంచి ఆడపిల్లలందరికీ ఇవ్వమని స్పష్టంగానే ఉంది. అక్కడ నేను తెలివి ఉపయోగించాను. ఇంకా పెద్దమనిషి కాని పిల్లకి ఎందుకు? వృథా కదా. అందుకని కొత్త పద్ధతి పెట్టాను: అవసరం ఉన్నవాళ్ళు భోజనాల బెల్లు కొట్టాక స్టాఫ్ రూములో నా బల్ల దగ్గరికి వచ్చి తీసుకోవాలి. తోపులాట లేదు, వృథా లేదు. ఈ పద్ధతి గురించి ఇతర బళ్ళ టీచర్లకి కూడా గొప్పగా చెప్పుకున్నాను.

నా బల్లే ఊరికి మైకు అయిందని నాకు తెలియలేదు. ఏ పిల్ల మొదటిసారి నా బల్ల దగ్గరికి వస్తే, ఆ సాయంత్రానికి ఆ పిల్ల పెద్దమనిషి అయిందని వాళ్ళ వీధంతా తెలిసిపోతుంది. వరండాలో అన్నం తింటూ అందరూ చూస్తారు మరి. నాకు క్రమశిక్షణ కనపడేది. పిల్లల మొహాలు కనపడేవి కావు.

ఎనిమిదో తరగతిలో పేట నుంచి వచ్చే పిల్ల ఒకతె ఉండేది. ఖోఖోలో దాన్ని పట్టుకున్నవాళ్ళు లేరు. పాఠం చెబుతుంటే నిద్రపోతుంది, బెల్లు కొడితే గ్రౌండులో ముందు కనపడేది అదే. దసరా సెలవులయ్యాక చూస్తే ఆ పిల్ల మారిపోయింది. నెలనెలా కొన్నాళ్ళు బడికి రాదు. వచ్చాక కాళ్ళు ఎడంగా వేసి జాగ్రత్తగా నడుస్తుంది. జిల్లా ఆటలకి ఎంపిక దగ్గర పడుతుంటే గ్రౌండు గట్టు మీద కూర్చుంటుంది. అడిగితే కడుపునొప్పి అంటుంది. నా బల్ల దగ్గరికి మాత్రం రాదు. ఒకసారి నేనే పిలిచి ప్యాకెట్ చేతిలో పెట్టబోతే, నిప్పు తాకినట్టు చేతులు వెనక్కి తీసుకుని, తనకి ఇంకా అవసరం రాలేదని చెప్పి పరిగెత్తింది.

నేను ఇట్టే తేల్చేశాను: మూఢనమ్మకం. ఇంట్లో వాళ్ళు వద్దంటున్నారు. వాళ్ళ కళ్ళు తెరిపించాలి.

ఒక సాయంత్రం ఆటో దిగి పేటలోకి నడిచాను. ఇసకలో చెప్పు దిగబడి, దాన్ని చేత్తో పట్టుకుని ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా వాళ్ళ ఇంటి ముందు ప్రత్యక్షమయ్యాను. వాళ్ళ అమ్మమ్మ వల మీద ఆరిన నెత్తళ్ళు ఏరుతోంది. వాళ్ళమ్మ అప్పుడే చేపలమ్ముకుని వచ్చి ఖాళీ తట్ట కడుగుతోంది. మగదిక్కంటే ఆ పిల్ల మేనమామ ఒక్కడే. తండ్రి దాని చిన్నప్పుడే జబ్బు చేసి పోయాడు. మేనమామ గుజరాత్‌లో బోటు మీద ఉన్నాడు. ఇవన్నీ నేను ముందే కనుక్కుని వెళ్ళాను. ఆరుబయట నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. శుభ్రత గురించి, ఆరోగ్యం గురించి, కాలం మారడం గురించి చెప్పాను. చుట్టుపక్కల గుమ్మాల్లో మనుషులు నిలబడ్డారు. జనం ఉంటే నా గొంతు దానంతటదే పెరుగుతుంది.

ముసలామె ఓపికగా అంతా వింది. లేచి, నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తలుపేసి, టీవీ సౌండు పెంచింది.

"ఇప్పుడు సెప్పమ్మా. మెల్లగా సెప్పు" అంది.

చెప్పింది నేను కాదు, వాళ్ళే. పిల్ల దసరా సెలవుల్లోనే పెద్దమనిషి అయింది. ఆ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. ఎందుకంటే వాళ్ళలో ఆడపిల్ల ఈడేరితే మేనమామకి కబురు వెళ్ళాలి. కబురు అందాక అతను రాకుండా ఉండకూడదు. అతని చేత్తో వేసిన కొబ్బరాకుల మీదే పిల్లని కూర్చోబెట్టాలి, మొదటి కోక అతనే పెట్టాలి. ఈ మేనమామకి ఉన్నది ఒక్క మేనకోడలు. దాన్ని ఎత్తుకుని పెంచాడు. బోటు వదిలి మధ్యలో వచ్చేస్తే సీజను చివర ఇచ్చే జీతం ఇవ్వరు, మళ్ళీ బోటు ఎక్కించుకోరు. వాళ్ళ ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

"మా తమ్ముడికి తెలిస్తే రేపే రైలెక్కిపోతాడు మేడమ్. ఆగమంటే ఆగే మనిషి కాడు" అంది వాళ్ళమ్మ.

బయల్దేరే ముందు అతను మేనకోడలితో సరదాకి ఒక మాట అన్నాడట, నేనొచ్చిందాకా పెద్దదానివి అయిపోకు అని. ఆ పిల్ల దాన్ని ఒట్టు లెక్కన పట్టుకుంది. మంచం పక్కన నేల మీద కూర్చుని, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఇదంతా వింటోంది. తల ఎత్తి ఒకే మాట అంది.

"మావొచ్చిందాకా ఎవులికీ సెప్పకండి మేడమ్."

బట్టలు వాడుతోందట. వాటిని బయట ఆరేస్తే పేటంతా చూస్తుంది. అందుకని ఇంట్లో, మూలన పడేసిన పాత వల కింద ఆరేస్తున్నారు. సముద్రపు గాలికి ఇంట్లో ఏదీ ఆరదు. చెమ్మ బట్టలతో తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడ్డాయి. బడికి రానిది అందుకు. ప్యాకెట్ తీసుకుందామంటే నా బల్ల దగ్గరికి రావాలి. వస్తే ఆ సాయంత్రమే గుజరాత్‌కి ఫోను పోతుంది.

ఆ సమయంలో నా బుర్రకి తట్టాల్సింది ఒకటి, తట్టింది మరొకటి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, గుండె మీద చెయ్యి వేసుకుని, నేను రహస్యంగా అందిస్తాను అన్నాను. నా బ్యాగులోంచి తీసిచ్చిన ప్యాకెట్‌ని వాళ్ళమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున్నుంచీ తట్ట పట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. పెద్దోళ్ళకి ఇవ్వరా మేడమ్ అని నవ్వుతూనే అడిగింది. పథకంలో లేదమ్మా అన్నాను, ఆ పథకం నేనే రాసినట్టు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

మా ఏర్పాటు ఇలా ఉండేది. అమ్మమ్మ కాగితంలో నెత్తళ్ళు కట్టి మనవరాలి చేత పంపుతుంది. నేను అందరి ముందూ పుచ్చుకుంటాను. మర్నాడు అదే కాగితంలో ప్యాడ్ల ప్యాకెట్ చుట్టి, పురికొస కట్టి, నచ్చలేదని వెనక్కి ఇచ్చేస్తాను. ఎవరికీ అనుమానం రాకూడదని క్లాసులో గట్టిగా, "ఇందులో ఇసకెక్కువగా ఉంది, మార్చి పంపమని మీ అమ్మమ్మతో చెప్పు" అనేదాన్ని. నాటకం బాగా రక్తి కట్టిందనుకున్నాను. వారం తిరక్కుండా అమ్మమ్మ కబురు పంపింది. తన చేపల్లో ఇసక ఉందని పుట్టి బుద్ధెరిగి ఎవరూ అనలేదట. నేను అన్నాక ఊళ్ళో బేరాలు తగ్గాయట. వేరే వంక పెట్టమంది. చిన్నవిగా ఉన్నాయి అని చూశాను. దానికీ ఒప్పుకోలేదు, నెత్తళ్ళు చిన్నవి కాక పెద్దవి ఉంటాయా అని అడిగింది. చివరికి మా ఆయనకి పడలేదు అనే వంక ఖాయమైంది. మా ఆయన పరువు మీద ఆమెకి పట్టింపు లేదు.

ఇక నా బ్రతుకు నెత్తళ్ళ పాలైంది. వచ్చిన చేపలు నా బ్యాగులోనే ఇంటికి పోవాలి కదా. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేది. పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు వాసనొచ్చేవి. ఇంట్లో వంకాయ నెత్తళ్ళు, చింతచిగురు నెత్తళ్ళు, ఉత్త నెత్తళ్ళ వేపుడు. మా ఆయన కొన్నాళ్ళు ఓర్చుకుని, తర్వాత ఆఫీసు క్యాంటీనులో భోజనానికి కుదురుకున్నారు. ప్యాకెట్లకి కూడా వాసన పట్టేసిందేమోనని ఒకసారి ఆ పిల్లని చాటుగా అడిగాను. మా ఇంట్లో అన్నీ అదే వాసనండి, తెలీదండి అంది. పుండ్లు మానాయి. నెల మధ్యలో బడి మానడం మానేసింది. గట్టు దిగి మళ్ళీ గ్రౌండులోకి వెళ్ళింది. అది పరిగెడుతుంటే స్టాఫ్ రూము కిటికీలోంచి చూసి, ఇదంతా నా వల్లే కదా అని మురిసిపోయేదాన్ని.

నా నెత్తళ్ళ వ్యవహారం చూసి హెడ్మాస్టారికి నోరూరింది. నాకూ ఒక పొట్లం తెప్పించండి అన్నారు. ఒక శనివారం నా బల్ల మీద రెండు పొట్లాలు ఉన్నాయి, ఒకే పేపరు, ఒకే పురికొస. ఒకటి ఆయనది, ఒకటి ఆ పిల్లది. నేను క్లాసులో ఉన్నప్పుడు ఆయన వచ్చి తన పొట్లం తీసుకున్నారు. మిగిలింది పిల్ల పట్టుకుపోయింది. సోమవారం పొద్దున్నే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, మొన్న నెత్తళ్ళే ఇచ్చారండి అని గుసగుసగా చెప్పినప్పుడు, హెడ్మాస్టారింటికి పోయిన పొట్లం ఏదో నాకు అర్థమైంది.

హెడ్మాస్టారు మధ్యాహ్నం పిలిచారు. తలుపు ఓరగా వేసి, సొరుగు లాగి, పొట్లం బల్ల మీద పెట్టారు. నేను కట్టినదాని కంటే నీటుగా మళ్ళీ పురికొస కట్టి ఉంది. లోపలి ప్యాకెట్ మీద ప్రభుత్వ సరఫరా, అమ్మకానికి కాదు అని అచ్చు ఉంటుంది. వాళ్ళావిడ కూర చేద్దామని విప్పిందట.

"ఇది మీదనుకుంటానమ్మా" అన్నారు ఫ్యానుతో. పొట్లం నా వైపు జరిపి, "ఇవి పిల్లలవి. బీద పిల్లలవి" అన్నారు.

చెప్పేస్తే ఒక్క నిమిషం పని. ఆయన మంచివారు, ఎవరికీ చెప్పరు. కానీ వాళ్ళావిడకి చెబుతారు. వాళ్ళావిడ చేపలు కొనేది ఈ పేట వాళ్ళ దగ్గరే. కిటికీలోంచి ఎనిమిదో తరగతి గది కనపడుతోంది. ఆ పిల్ల పుస్తకంలోకి చూడటం లేదు, ఈ గది వైపే చూస్తోంది. ఇన్నేళ్ళలో మెడికల్ షాపతనితో అనలేని మాట, మా ఆయనతో కూడా చీటీ రాసి చెప్పే మాట, హెడ్మాస్టారి ముందు అనాల్సి వచ్చింది.

"నాకోసమేనండి. నేనే వాడుకుంటున్నాను" అన్నాను.

ఆయన మొదటిసారి ఫ్యాను మీంచి చూపు దించి నా మొహం చూశారు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"జీతం సరిపోవటం లేదామ్మా?"

"కొంచెం ఇబ్బందిగానే ఉందండి" అన్నాను. గంజి చీర, చేతికి బంగారు గాజులు, మెడలో గొలుసు. అన్నీ అలాగే ఉన్నాయి.

ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ పెట్టెలు పెట్టిన బీరువా తాళం మాత్రం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. ఆ మరుసటి నెల సర్కులరు తీసి చదివారు. ఇకమీదట ఎవరూ ఎవరి బల్ల దగ్గరికీ వెళ్ళక్కర్లేదు, ఏడు నుంచి పై తరగతుల్లో ఆడపిల్లలందరికీ, అడిగినా అడక్కపోయినా, క్లాసులోనే తలా ఒకటి ఇచ్చెయ్యాలి అని ఆర్డరు వేశారు. సర్కులరులో అదే ఉంది కదా అన్నారు. ఆయన ఉద్దేశం మిగుళ్ళు లేకుండా చెయ్యడం, మిగిలితే నేను ఇంటికి పట్టుకుపోతానని.

పంచే రోజు నేను ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను. అందరి బల్లల మీదా ఒక్కో ప్యాకెట్ పడుతోంది. పెద్దమనుషులయినవాళ్ళకీ, కానివాళ్ళకీ, ఇంకా బొమ్మలాట ఆడుకునే వాళ్ళకీ. ఎవరు ఎవరో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల కూడా అందరిలాగే ప్యాకెట్ తీసి సంచిలో కుక్కుకుంది. నా వైపు చూసింది. నేను రోడ్డు మీది లారీల వైపు చూశాను. ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. నా బల్ల తీసేస్తే సరిపోయేదానికి, నెలల తరబడి నెత్తళ్ళు మోశాను. దొంగని ఆపడానికి ఆయన చేసిన పని, ఉపన్యాసాలిచ్చిన నాకు తట్టలేదు.

ఆయన జాలి మాత్రం ఆగలేదు. భోజనాల దగ్గర నా కంచంలో ఇంకో గుడ్డు పడేది. రిటైరవుతున్న డ్రిల్లు మాస్టారికి వీడ్కోలు చందాలు పోగుచేస్తే నా పేరు వదిలేశారు. తోటి టీచర్లు కారణం అడిగితే, ఆమె సంగతి మనకెందుకులే అన్నారట. దాంతో వాళ్ళు కూడా నన్ను జాలిగా చూడటం మొదలుపెట్టారు. మా ఆయన పేకాడతాడని ఒక కథ బయల్దేరింది. పాపం ఆయనకి ముక్కలు కలపడం కూడా రాదు.

వేసవిలో మేనమామ వచ్చాడు. వచ్చిన వారంలోనే పిల్ల పెద్దమనిషి అయిందని పేటలో చాటారు. పెద్ద ఫంక్షను. ఇసకలో కొబ్బరాకుల పందిరి, రోడ్డు మీదికి నిలువెత్తు ఫ్లెక్సీ, అందులో పట్టుచీరలో పిల్ల, మూలన నల్లకళ్ళజోడుతో మేనమామ. బడి నుంచి నన్నూ, హెడ్మాస్టారినీ పిలిచారు. మేనమామ ఎండకి మాడిపోయిన సన్నటి మనిషి. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు తెచ్చిచ్చాడు. నేను నా నాటకం మరిచిపోలేదు. "మీరు వచ్చిన వేళ మంచిది, సమయానికి అయింది" అన్నాను.

అతను నవ్వాడు. చుట్టూ చూసి, పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"నాకు దసరాకే తెలుసు మేడమ్" అన్నాడు.

ప్రతి ఆదివారం ఫోను చేస్తే ఆ పిల్లే లాక్కుని, మావా ఏటి తెస్తావు అని అడిగేదట. ఆ ఆదివారం ఫోను దగ్గరికి రాలేదు. సదువుకుంటన్నాది అని వాళ్ళ అక్క చెప్పింది. ఆ పిల్ల చదువుకోవడం ఏమిటి? పైగా వెనక మిక్సీ చప్పుడు. పెద్దమనిషి అయిన పిల్లకి పెట్టే చిమ్మిలికి నువ్వులు, బెల్లం రోట్లో దంచితే చప్పుడు బయటికి పోతుందని అమ్మమ్మ టీవీ సౌండు పెంచి మిక్సీలో ఆడింది. పొరుగింటావిడ మొగుడు ఇతని బోటులోనే పనిచేస్తాడు. మీ ఇంట్లో నువ్వుల వాసనొచ్చిందట అని చెప్పబోతే, నాకు సెప్పకురా అని చేతులు పట్టుకున్నాడట.

"సెప్తే ఎల్లాల మేడమ్. ఎల్తే ఇల్లు గడవదు. ఎవుడూ సెప్పకపోతే నాకు తెల్దు కదా. ఆ రోజు బోటు మీద కూడు దిగలేదు. అందరికీ తెలుసు, ఎందుకురా అని ఎవుడూ అడగలేదు" అన్నాడు.

పేటంతా తెలుసన్నమాట. గుమ్మాల్లో నిలబడి నా ఉపన్యాసం విన్నవాళ్ళందరికీ తెలుసు. మరి నా నెత్తళ్ళ సంగతి? అదీ తెలుసు. వారం వారం గుజరాత్‌కి ఫోనులో చెప్పుకునేవారట. మా పేటలో సేపలు ఎనక్కి పంపినోళ్ళు ఎవులూ లేరు మేడమ్ అన్నాడు మర్యాదగా. వెనక నుంచి అమ్మమ్మ అందుకుంది. అందరికీ ఒక్కోటి పంచేస్తే పోయేది కదా అని తాము మొదట్నుంచీ అనుకున్నారట.

"మరి నాతో అనలేదేం?" అన్నాను.

"కష్టపడతన్నావు కదమ్మా. పెద్ద సదువు సదివినావు, ఏటో ఉంటాదిలే అనుకున్నాం" అంది.

నేను నవ్వేలోపు మేనమామ మొహం మారింది. పందిరిలో కుర్చీ మీద పూలజడతో కూర్చున్న పిల్ల వైపు చూశాడు.

"దానికొక్కదానికే తెల్దు మేడమ్. నాకోసమని దాసింది. నాకు తెలుసని దానికి ఎప్పుడూ సెప్పకండి."

మొన్న ఇల్లు చేరాక, అక్క కబురు చెబుతుంటే అప్పుడే విన్నట్టు నోరు తెరిచాడట. పిల్ల అతని మొహంలోకే చూస్తూ నిలబడిందట. సాయంత్రం దాకా నవ్వుతూనే ఉందట. ఇలాంటి మనుషుల మధ్య నాదొక నాటకం అనుకున్నానా అని నాకు నిజంగా సిగ్గేసింది.

భోజనాలయ్యాక అమ్మమ్మ హెడ్మాస్టారికి నెత్తళ్ళ పొట్లం ఒకటి ఇచ్చింది, అదే రకం పేపరు, అదే పురికొస. ఆయన నన్ను ఒకసారి చూసి, మెల్లగా పొట్లం మూల విప్పి లోపలికి తొంగి చూశారు. చేపలే. ఆ సమయంలో పిల్ల కుర్చీ దిగి, చీర కుచ్చిళ్ళు రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, నా దగ్గరికి వచ్చింది. రహస్యం అనుకుని చెవి దగ్గరే మాట్లాడింది గానీ, ఖోఖో ఆడే గొంతు, ఆ చుట్టుపక్కల అందరికీ వినపడింది.

"మనం బాగా దాసేం కదండి మేడమ్. పొట్లాల్లో మీరు ప్యాడ్లు పంపినట్టు ఎవులికీ తెల్దండి. మావకి కూడా తెల్దండి."

హెడ్మాస్టారి చెయ్యి పురికొస మీద ఆగిపోయింది. ఫ్యాను కోసం పైకి చూశారు. కొబ్బరాకులు తప్ప ఏమీ లేవు. పక్కనే మజ్జిగ బకెట్ పట్టుకుని నిలబడిన మేనమామ గబుక్కున సముద్రం వైపు తిరిగాడు. అమ్మమ్మ ఆకులు ఎత్తుతోంది. పేట ఆడవాళ్ళందరూ ఒక్కసారే ఏదో పని కల్పించుకున్నారు.

ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. ఇన్ని నెలలు మోసిన బరువు దించుకుని, గెలిచాను అనే మొహం అది.

"అవునమ్మా" అన్నాను. "ఎవరికీ తెలియదు."